చేతులెత్తిన ఎనభై ముగ్గురు

రిబ్కమ్మకు శాలువా కప్పి, చప్పట్లు కొట్టి, చేతిలో ఉన్న పని తీసేసుకున్నారు. పోయినవారం అక్కడ ఆగాం.

లక్సెట్టిపేటలో ఒకరికి శాలువా కప్పారంటే వాళ్లతో ఇక పని లేదని అర్థం. ఆ సంగతి కప్పేవాళ్లకూ తెలుసు, కప్పించుకునేవాళ్లకూ తెలుసు. తెలియనట్టు ఫొటో దిగడం మర్యాద. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు ఆదరణ సమాజం తరఫున పదకొండేళ్లుగా మనుషుల్ని పంపుతున్న రిబ్కమ్మ ఆ మర్యాద పాటించి నవ్వుతూ ఫొటో దిగింది. పక్కన సమాజం కార్యదర్శి జేమ్స్ సారు నిలబడ్డాడు. రిటైరైన హెడ్మాస్టరు, ఎదురుగా నలుగురు కూర్చుంటే చాలు, ఆయనకు హాజరు వేయబుద్ధవుతుంది. రిబ్కమ్మకు గౌరవ సలహాదారు అని ఒక పదవి కూడా ఇచ్చాడు. సలహా ఎవరూ అడగబోరని దాని అర్థం.

ఇదంతా ఎందుకంటే, హైదరాబాదులో ఒక పెద్ద సంస్థ సమాజానికి అండగా ఉంటామని ముందుకొచ్చింది. వాలంటీర్లు కనీసం యాభై మంది ఉండాలనీ, అందరికీ శిక్షణ, సర్టిఫికెట్ ఉండాలనీ షరతు పెట్టింది. రిబ్కమ్మ దగ్గర ఉన్నది ఏడుగురు ఆడవాళ్లు. నలుగురు చర్చి సంఘం వాళ్లు, ముగ్గురు కాపోళ్ల ఇళ్ల వాళ్లు. అందులో అందరికన్నా పనిమంతురాలైన జమున పదో తరగతి గట్టెక్కలేదు. శిక్షణ అయ్యేదాకా ఆ ఏడుగురూ ఎవరి గడపా తొక్కవద్దని జేమ్స్ సారు అదే వేదిక మీద, అదే మైకులో చెప్పాడు.

రిబ్కమ్మ స్థానంలో కరీంనగర్ నుంచి హర్షిణి వచ్చింది. ఇరవై ఆరేళ్ల పిల్ల. సోషల్ వర్క్ చదివింది, ల్యాప్‌టాప్ ఉంది, కష్టపడే గుణం కూడా ఉంది. లేనిదల్లా ఈ ఊరి గురించి కాస్త అనుమానం.

శాలువా కప్పిన మర్నాడే ఆదివారం. చర్చిలో ఆరాధన ముగిసే ముందు జేమ్స్ సారు ఆ పిల్లను మైకు దగ్గరకు పిలిచాడు. రోగుల సేవకు ముందుకొచ్చేవాళ్లు చేతులెత్తండి అని హర్షిణి అడిగింది. గుడి నిండా చేతులు లేచాయి.

ఆ గుడిలో మైకు పట్టుకున్నవాళ్లు ఎత్తమంటే చేతులు లేస్తాయి. వానల కోసం లేస్తాయి, పదో తరగతి పరీక్షల కోసం లేస్తాయి, మస్కట్‌లో వీసా చిక్కుల్లో పడ్డవాళ్ల కోసం లేస్తాయి. రేపటి నుంచి కోపం తగ్గించుకుంటామని చెయ్యెత్తి, ఇంటికి పోయే దారిలోనే ఆటో అతనితో పేచీ పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. మీరు చెప్పింది విన్నాం, అన్నాల వేళ అవుతోంది, ఇక దిగండి అని మర్యాదగా చెప్పే పద్ధతి అది. చర్చిలో అడుగు పెట్టడం అదే మొదటిసారి కాబట్టి హర్షిణికి ఆ సంగతి తెలియదు. ఆనందంతో ఫొటో తీసి, వేలుతో తల తలకూ లెక్కపెట్టింది. ఎనభై మూడు.

జేమ్స్ సారుకు తెలుసు. ముప్పై ఏళ్లుగా ఆ చేతుల మధ్య తన చెయ్యి కూడా ఎత్తుతున్న మనిషి. కానీ ఎనభై మూడు చాలా ముచ్చటైన అంకె. దాన్ని కాదనడానికి ఆయనకు మనసొప్పలేదు.

వెనక బెంచీ మీద కూర్చున్న రిబ్కమ్మకూ తెలుసు. ఆమె చెయ్యి ఎత్తలేదు. నోరు కూడా విప్పలేదు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు రిబ్కమ్మ ఇంటిపట్టునే ఉండిపోయింది. పదకొండేళ్లుగా చూడని అటక దులిపింది. పప్పు డబ్బాలు కడిగి ఎండబెట్టింది. ఎంత సంతోషంగా ఉందంటే, భర్త తోమాసుకు భయం వేసింది. సాయంత్రం ఏడు కాగానే ఆమె ఫోను పట్టుకుని కూర్చునేది. హర్షిణి పెట్టిన వాలంటీర్ల గ్రూపులో ఆమెను కూడా చేర్చారు మరి, సలహాదారు కదా. రోజూ సరిగ్గా ఏడింటికి ఆ గ్రూపులో ఒక్కో ఇంటి పేరుతో ఒక ప్రశ్న వచ్చేది: ఈరోజు ఇంటి సందర్శన పూర్తయిందా? అవునంటే పచ్చ గుర్తు, కాదంటే ఎర్ర గుర్తు. దాని కింద ఆమెన్‌లు, దండాలు, గులాబీలు, ఎవరిదో మనవడి పుట్టినరోజు కేకు.

ఏం నవ్వుతున్నవని తోమాసు అడిగితే, ఏం లేదు, సీరియల్ బాగుంది అనేది.

ఆమె పద్ధతి వేరు. నలుగురి ముందు ఎన్నడూ ఎవర్నీ అడగలేదు. నలుగురి ముందు అడిగితే వద్దనడానికి దారి ఉండదు. వద్దనలేక ఒప్పుకున్న మనిషి రెండోవారమే కనబడదు. ఎవరింట్లో అత్తో, మామో ఏళ్ల తరబడి మంచాన ఉండి పోయారో ఆమెకు గుర్తు. ఆ ఇంటికి పోయి, వాళ్లు బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని ఆకు కత్తిరించి ఇచ్చేది. మూడు వారాలు ఊరికే కబుర్లు. నాలుగోవారం, నాకు తోడు రా, ఒక ఇంటిదాక పోయొద్దాం అనేది. అక్కడ ఆ మనిషి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుందా, లేక ముందు రోగి ముఖం చూసిందా అన్నది గమనించేది. కొంగు అడ్డం పెట్టుకుంటే, ఇంటికి తీసుకొచ్చి టీ పోసి పంపించేది. ఆ మాట మరి బయటికి రాదు. ముఖం చూసిందంటే, గుమ్మం దిగేటప్పుడు ఒక మాట అనేది: బేస్తారం నీది. ఇక ప్రతి గురువారం ఆ ఇల్లు ఆ మనిషి వంతు. అంతే. థాంక్స్ లేదు, సర్టిఫికెట్ లేదు. రోగి చనిపోతే ఆ ఇంటికి పోయిన మనిషికి నలభై రోజులు పని చెప్పేది కాదు. ఏడుగురిలో ఎవరింట్లో జ్వరం వచ్చినా మిగతా ఆరుగురూ వంతులేసుకుని వంట చేసిపెట్టేవాళ్లు.

జేమ్స్ సారు దీన్ని అసంఘటిత విధానం అన్నాడు. ఆ మాట పలకడం ఆయనకు ఎంత ఇష్టమంటే ఒకే ప్రసంగంలో ఆరుసార్లు అన్నాడు.

బుధవారం మధ్యాహ్నం సమాజం హాల్లో సమీక్ష పెట్టారు. శనివారం హైదరాబాదు నుంచి పెద్దమనిషి వస్తున్నాడు, అది దానికి రిహార్సల్. ఎనభై ముగ్గురిలో పద్నాలుగు మంది వచ్చారు. టీషర్టులు ఇస్తారన్న సంగతి మిగతావాళ్లదాకా పోలేదేమో. రిబ్కమ్మను వేదిక మీద చివరి కుర్చీలో కూర్చోబెట్టి చేతికి నీళ్ల సీసా ఇచ్చారు. జేమ్స్ సారు ఇరవై నిమిషాలు మాట్లాడి, మన పట్టణం రాష్ట్రానికే ఆదర్శం కాబోతున్నదని ముగించాడు. హర్షిణి ల్యాప్‌టాప్ నుంచి గోడ మీద బొమ్మ వేసి చూపించింది. పదకొండు ఇళ్లు. పదకొండూ పచ్చగా ఉన్నాయి.

“పరశురాములు గారింటికి అయితే మనం అనుకున్నదాని కన్నా ఎక్కువ స్పందన వచ్చింది” అంది. “సోమవారం ఒక్కరోజే నలభై ఒక్కమంది సందర్శించిండ్రు.”

పరశురాములు ఇల్లు రిబ్కమ్మకు తన ఇల్లంత ఎరుక. మస్కట్‌లో కట్టడం మీది నుంచి పడి నడుము విరిగి వచ్చిన మనిషి. మూడేళ్లుగా మంచం. నడుము నుంచి కిందికి స్పర్శ లేదు కాబట్టి రెండు గంటలకోసారి పక్క తిప్పాలి, లేదంటే ఒత్తిడికి ఒళ్లు పుండవుతుంది. భార్య వినోద కూలికి పోతేనే ఇల్లు గడుస్తుంది. అందుకని పగలు తిప్పే పని ఏడుగురూ పంచుకున్నారు. ఉన్నది ఒక గది, ఒక మంచం. అందులో నలభై ఒక్కమంది నిలబడాలంటే సగం మంది మంచం ఎక్కాలి.

రిబ్కమ్మ నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తాగింది. ఇంకో మూడు రోజులు. శనివారం ఆ పెద్దమనిషి ఒక్క ఇంటికి పోయి చూస్తే చాలు. ఆమె ఆ ఘడియ కోసమే ఎదురుచూస్తోంది.

అప్పుడు వెనక తలుపు తోసుకుని వినోద వచ్చింది.

పత్తి చేను నుంచి నేరుగా వచ్చినట్టుంది, నడుముకు పత్తి ఏరి వేసుకునే గుడ్డ అలాగే కట్టి ఉంది. చేతిలో చుట్టిన క్యాలెండర్. ఎవర్నీ అడగకుండా వేదిక దాకా నడిచొచ్చి, ఆ క్యాలెండర్‌ను బల్ల మీద పరిచింది. చివర్లు లేవకుండా జేమ్స్ సారు నీళ్ల సీసాను ఒక పక్కన పెట్టింది. అది ఆమె భర్త మంచం పైన గోడకు ఉండే క్యాలెండర్. తిప్పినవాళ్లు తేదీ గడిలో పెన్సిలుతో గీత పెట్టాలి. ఎడమకు తిప్పితే ఎడమన, కుడికి తిప్పితే కుడిన. రిబ్కమ్మ పెట్టిన పద్ధతే. నెల మొదట్లో గడులన్నీ గీతలతో కిక్కిరిసి ఉన్నాయి. చివరి తొమ్మిది గడుల్లో రెండేసి గీతలు. పొద్దున ఒకటి, మాపున ఒకటి. రెండూ వినోదవే.

“ఎవలు వచ్చిండ్రు సారూ మా ఇంటికి?” అని అడిగింది. గొంతు పెంచలేదు. “నలభై ఒక్కమంది అంటిరి గదా. ఒక్క పేరు చెప్పుండ్రి.”

జేమ్స్ సారు కూర్చోమన్నాడు. వినోద కూర్చోలేదు. ఆవేశపడవద్దన్నాడు. ఆమె ఆవేశంలో లేదని హాల్లో అందరికీ కనబడుతోంది. ఇందులో వాలంటీర్ల లోపం లేదనీ, కేవలం కమ్యూనికేషన్ గ్యాప్ అనీ ఆయన హాలుకు వివరించాడు. ఎదురుగా ఉన్న ఆడమనిషికి మాత్రం వివరించలేదు.

హర్షిణి ల్యాప్‌టాప్ మీదికి వంగి పేర్లు చూడసాగింది. నలభై ఒక్క పేర్లలో ఒకరు జైనూర్‌లో కూతురి పురుటికి పోయి ఉన్నారు. ఒకరికి కంటి ఆపరేషనై ఇంకా కట్టు విప్పలేదు. ముందు వరసలో టీషర్టు కోసం కూర్చున్న రోజారాణి పేరు కూడా ఉంది. నువ్వు పోయినవా అక్కా అని హర్షిణి అడిగితే, రోజారాణి ఏమాత్రం తడబడకుండా, పోలే అంది.

“మరి పచ్చది ఎందుకు ఒత్తినవ్?”

“అందరు ఒత్తుతుండ్రని ఒత్తిన. ఎర్రది ఒత్తితే ఏం బాగుంటది?”

గుడిలో చేతులెత్తినవాళ్లే ఫోనులో పచ్చది ఒత్తారు. మనసులో ఏ మోసమూ లేదు. అడిగినవాళ్లను చిన్నబుచ్చడం ఎందుకని ఒత్తారు. పద్నాలుగు మందీ హర్షిణి వైపు జాలిగా చూశారు. ఇంత చిన్న సంగతి ఈ చదువుకున్న పిల్లకు ఎలా తెలియలేదా అని.

రిబ్కమ్మకు ఇది పండుగ కావాలి. తొమ్మిది రోజులు డబ్బాలు తుడుస్తూ ఆమె ఎదురుచూసింది ఇదే. కానీ వినోద ఇంకా ఆపలేదు. పొద్దంతా చేన్లో ఉండే తనకు తెలియదనీ, గీతలు లేవేమని అడిగితే, కొత్తోళ్లు గోడ మీద గీయరు, ఫోన్ల గీసుకుంటరు అని భర్త చెప్పాడనీ అంది. రోజూ అదే చెప్పాడు. మంచిగ చూసుకుంటుండ్రు, నువ్వు పో, పత్తి ఏరే కాలం మళ్ల రాదు అన్నాడు. నిన్న రాత్రి దుప్పటి మారుస్తుంటే వాసన వచ్చింది.

“అరచెయ్యంత అయింది పుండు” అంది వినోద. “ఎముక దాక పోలే ఇంకా. దవాఖాన నర్సమ్మ జూసింది. రెండు గంటలకొకమాటు తిప్పుకుంట, కడుక్కుంట ఉంటే మానుతదట. ఇయ్యాల్టి సంది చెయ్యాలె, రాత్రి పగలు చెయ్యాలె. లేకుంటే కరీంనగర్ తీస్కపోయి కోయించాలె. కోసినంక బతుకుతడో లేదో చెప్పలేనన్నది.”

శనివారం నాటికి ఒక ప్రత్యేక బృందాన్ని ఏర్పాటు చేద్దామని జేమ్స్ సారు అన్నాడు. పద్నాలుగు మందిలో ఇద్దరు, అలవాటు కొద్దీ, చెయ్యెత్తారు.

వినోద ఆ చేతుల వైపు చూడనైనా చూడలేదు. క్యాలెండర్ చుట్టుకుని, వేదిక చివరి కుర్చీ వైపు తిరిగింది.

“నువ్వు చెయ్యెత్తలే అని విన్న పెద్దమ్మా. మా ఆయినకు గా మాట చెప్పిన. పెద్దమ్మ ఎత్తలేదంటే పెద్దమ్మే వస్తదే అన్నడు.”

ఆ ఒక్క మాట అని వెళ్లిపోయింది.

రిబ్కమ్మ లేచి నిలబడింది. జేమ్స్ సారు, సలహాదారు గారు రెండు మాటలు చెప్తారు అని మైకు ముందుకు జరిపాడు. ఆమె మైకును దాటుకుని మెట్లు దిగింది. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, తొమ్మిది రోజులుగా అందంగా పేర్చి పెట్టుకుంది. ఇప్పుడు అందులో ఒక్కటీ తీయబుద్ధి కాలేదు.

తనూ వినోదా ఇద్దరే రాత్రీ పగలూ రెండు గంటలకోసారి ఆ మనిషిని తిప్పలేరు. ఏడుగురూ కావాలి. ఏడుగురూ రావాలంటే ముందు జమున కదలాలి. మిగతావాళ్లు జమున చెప్పులు ఎటు పోతే అటు పోతారు. రిబ్కమ్మ నేరుగా జమున ఇంటికి నడిచింది.

జమున వాకిట్లో ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తి చూసి, కూర్చో అనలేదు. రిబ్కమ్మ నిలబడే విషయమంతా చెప్పింది. పుండు, క్యాలెండర్, నర్సమ్మ మాట. జమున వేళ్లు ఒకసారి ఆగి, మళ్లీ కదిలాయి.

“నేను రెండుమాట్ల పోయిన పరశురాములన్న సందు దాక” అంది జమున. “రావద్దన్నరు గదా అని మలుపుకాడికెళ్లి మర్లిన. ఎవలన్న రాకుంటే పెద్దమ్మ పిలువకుండ ఉంటదా అనుకున్న. నువ్వు పిలువలే. అంటే ఎవలో వస్తుండ్రు, మంచిగనే ఉన్నది అనుకున్న. ఏడుగురం గట్లనే అనుకున్నం.”

ఒక బీడీ చుట్టి చాటలో పడేసి, జమునే మళ్లీ అంది.

“ఒకటి అడుగుత. ఎవలు రారని నీకు ఎరుకేనా?”

“ఎరుకే.”

“ఎన్నటి సంది?”

“చేతులు లేసినప్పటి సంది” అంది రిబ్కమ్మ.

జమున చాట కింద పెట్టింది. తునికాకు ముక్కలు ఒళ్లోంచి దులుపుకుంది. ఇన్నాళ్లూ జేమ్స్ సారు పేరెత్తితే జమున ముఖంలోకి ఒక రకం చూపు వచ్చేది. అసహ్యానికీ జాలికీ మధ్య ఉండే చూపు. దాన్ని చూసి ఇద్దరూ కలిసి నవ్వుకునేవాళ్లు. ఆ చూపు ఇప్పుడు రిబ్కమ్మ మీద ఉంది.

“తిప్పకుంటే ఏమైతదో గా సారుకు తెల్వదు, పాపం. ఆ పోరికీ తెల్వదు. తెలిసి కూసున్నది నువ్వొక్కదానివే.”

“అవును” అంది రిబ్కమ్మ. ఆపైన, పదకొండేళ్లలో ఎవరితోనూ అనని మాట అంది. “వస్తవా జమునా? నిన్ను అడుగుతున్న.”

జమున లోపలికి పోయి చేతులు కడుక్కుంది. పొగాకు వాసన పోవాలని రెండుసార్లు సబ్బు రుద్దుకుంది. రోగి దగ్గరికి పోయే ముందు అలా రుద్దుకోవాలని నేర్పింది రిబ్కమ్మే. కొంగుతో తుడుచుకుంటూ బయటికి వచ్చి, గొళ్లెం పెట్టింది.

“ఏడుగురం వస్తం. ఇప్పుడే పోయి కోమలను, కడమ ఐదుగురిని లేపుకొస్త. రాత్రి వంతులు నేనే పెడుత. ఏ సారు ఆపుతడో నేను చూస్త” అంది. చెప్పులేసుకుంటూ, తల ఎత్తకుండానే మిగతాది చెప్పింది. “నువ్వు మాత్రం రావద్దు. తెల్వక మేము మోసపోవుడు వేరు, తెలిసి నువ్వు చూసుకుంట కూసునుడు వేరు. ఆయిన మంచం కాడ నిన్ను చూస్తే నా చెయ్యి ఆడది.”

“సరే” అంది రిబ్కమ్మ.

“ఎందుకు రావో పరశురాములన్నకు నువ్వే చెప్పుకోవాలె. మేము చెప్పం. అబద్ధం గూడ చెప్పం.”

జమున చకచకా వీధి మలుపు తిరిగిపోయింది. రిబ్కమ్మ రెండో వైపు నడిచింది. గోదావరి వైపు నుంచి గాలి లేచి, పత్తి లారీలు పోయిన దారంతా తెల్లగా రేగుతోంది. చెప్పాల్సింది చిన్న మాటే. నువ్వు ఎదురుచూస్తున్నావని తెలిసీ నేను ఇంట్లో కూర్చున్నాను, వాళ్లు ఓడిపోవడం చూడాలని. ఒక్క ఊపిరిలో అనేయవచ్చు. సందు మొదట్లో ఒకసారి, మంచినీళ్ల ట్యాంకు దగ్గర ఒకసారి, పెదాలు కదిపి అని చూసుకుంది.

వినోద పొయ్యి మీద నీళ్లు కాచుతోంది. రిబ్కమ్మను చూసి పక్కకు జరిగి దారిచ్చింది. గది లోపల గోడ మీద క్యాలెండర్ మళ్లీ తన మేకుకు వేలాడుతోంది. పరశురాములు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు, వాకిలి కనబడదు. గడప దాటిన అడుగు విని నవ్వాడు. ఆ నవ్వు గోడకు తగిలి వెనక్కి వచ్చింది.

“వచ్చినవా పెద్దమ్మా” అన్నాడు. “వినోద ఉట్టిగనే పరేషాన్ అయితుండె. నేను చెప్పిన ఆమెకు. ఎరుక లేక రాలేదు గని, ఎరుకయితే పెద్దమ్మ ఒక్క దినం గూడ ఆగదు అన్న. నిజమేనా, కాదా? జర చెప్పు ఆమెకు.”

పొయ్యి దగ్గర నుంచి వినోద లేచొచ్చి, తలుపుకు ఆనుకుని నిలబడింది. రిబ్కమ్మ ఏం చెబుతుందో వినడానికి.